ఏమేం మందులు మింగావు తమ్ముడూ?

కళ్లు పచ్చబడటానికి కారణం ఒక్కోసారి మన పెట్టెలోని మాత్రే!

క్యాంపు గదిలో ఎవరికైనా జ్వరం వచ్చిందనుకోండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లం. ముందుగా గదిలో ఉన్నవాళ్ల పెట్టెలు తెరుచుకుంటాయి. ఒకరు పనడాల్ ఇస్తారు. ఇంకొకరు సెలవుకు వెళ్లినప్పుడు తెచ్చుకున్న డోలో ఇస్తారు. మరొకరు తన గొంతునొప్పికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. అన్నీ ప్రేమతో ఇచ్చేవే. పరాయి దేశంలో తోటివాడికి తోటివాడే దిక్కు కదా!

కానీ ఆ ప్రేమ ఒక్కోసారి కాలేయం మీదికి వస్తుంది. మందుల వల్ల కాలేయం ఎలా దెబ్బతింటుంది, ఏ మందు దెబ్బతీసిందో డాక్టర్లు ఎలా తేలుస్తారు, అందులో మన పాత్ర ఏమిటి అన్నదే ఈ వారం సంగతి.

ఒక మేస్త్రీ కథ

ముందుగా ఒక ఉదాహరణ. ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. జుబైల్, దమ్మామ్, రియాద్, యాన్బు... ఏ క్యాంపులోనైనా జరగగలిగిందే.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన 35 ఏళ్ల మేస్త్రీ అనుకుందాం. ఒళ్లునొప్పులు, జ్వరం. సైటు మానేస్తే జీతం కోస్తారని భయం. పనడాల్ ఎక్స్‌ట్రా రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు వేసుకున్నాడు. ముక్కు కారుతోందని పక్క మంచం తమ్ముడు ఇచ్చిన జలుబు మాత్రలు కూడా రెండేసి, మూడుసార్లు. రాత్రి నిద్రపట్టక ఒక డోలో 650. ఇలా నాలుగు రోజులు. గొంతు నొప్పి తగ్గలేదని ఎవరో ఇచ్చిన ఆగ్‌మెంటిన్ ఐదు రోజులు మింగాడు. జ్వరం పోయింది. నీరసం మాత్రం పోలేదు. ఊరి నుంచి వచ్చిన బంధువు తెచ్చిన తిప్పతీగ చూర్ణం మొదలుపెట్టాడు.

మూడు వారాలు గడిచాయి. అన్నం చూస్తే వికారం. ఒళ్లంతా దురద. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారింది. ఒకరోజు పొద్దున బస్సు ఎక్కుతుంటే ఫోర్‌మన్ ఆపి, "నీ కళ్లేంటి, పసుపు పూసినట్టున్నాయి?" అన్నాడు.

గదిలో తలో మాట. "కామెర్లన్నా, ఊరికెళ్లి పసరు తాగితే పోతాయి" అని ఒకరు. "చేతి మీద వాత పెట్టిస్తే తగ్గుతుంది" అని ఇంకొకరు. ఎవరికీ తట్టని మాట ఒక్కటే. ఈ నెల రోజుల్లో ఇతను ఏమేం మింగాడు?

కాలేయం ఏం చేస్తుంది?

పొద్దున్నే బూఫియాలో దొరికే 'కిబ్దా' మనకు తెలిసిందే. అరబ్బీలో కాలేయాన్ని 'కబిద్' అంటారు. మనిషి కడుపులో కుడివైపు, పక్కటెముకల కింద ఉంటుంది. మనం నోటితో మింగిన ప్రతి మాత్రా పేగుల నుంచి రక్తంలోకి చేరి, ముందుగా కాలేయం గుండానే పోవాలి. మందును విరగ్గొట్టి, వాడి, మిగిలిన చెత్తను బయటికి పంపే పని కాలేయానిదే. అది ఇంగ్లిషు మందా, ఆయుర్వేదమా, ఆకు పసరా అని దానికి తేడా లేదు. అన్నిటికీ గేటు అదే.

మందుల వల్ల కాలేయానికి వచ్చే ముప్పు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది, మోతాదు మించితే ఎవరికైనా వచ్చేది. రెండోది, సరైన మోతాదులో వాడినా కొందరికి మాత్రమే వచ్చేది.

పేర్లు వేరు, మందు ఒకటే

మొదటి రకానికి పెద్ద ఉదాహరణ పారాసెటమాల్. సౌదీలో పనడాల్, ఫెవాడాల్, అడాల్. మన దగ్గర క్రోసిన్, కాల్‌పాల్, డోలో. అమెరికాలో దాన్నే ఎసిటమినోఫెన్ అంటారు. అరబ్బీలో 'ప' అక్షరం లేదు కాబట్టి ఫార్మసీలో 'బనడోల్' అని వినిపిస్తుంది. పేరు ఏదైనా లోపల ఉన్నది ఒకటే మందు. చాలా జలుబు మాత్రల్లో, 'నైట్' అని రాసి ఉండే మాత్రల్లో కూడా ఇదే ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8, గరిష్ఠ పరిమితి. అది దాటకూడని గీతే కానీ, రోజూ అంత వేసుకోమని కాదు. మరి మన మేస్త్రీ లెక్క చూడండి. పనడాల్ ఎక్స్‌ట్రా ఆరు మాత్రలు, 3,000 మిల్లీగ్రాములు. జలుబు మాత్ర ఒక్కోదాంట్లో 500 చొప్పున ఉంటే ఆరింటికి మరో 3,000. డోలో ఒకటి, 650. మొత్తం 6,650. ఆరున్నర గ్రాములు దాటింది! అతను 'మూడు రకాల మందులు' వేసుకున్నాననుకున్నాడు. వేసుకున్నది ముఖ్యంగా ఒకే మందు, మూడు పేర్లతో.

పారాసెటమాల్‌ను విరగ్గొట్టేటప్పుడు కాలేయంలో కొద్దిగా విషపదార్థం పుడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు అణచడానికి కాలేయం దగ్గర ఒక రక్షణ సరుకు ఉంటుంది. దాని పేరు గ్లూటాథయోన్. మాత్రలు ఎక్కువైతే ఆ సరుకు అయిపోతుంది. సరిగా తిండి తినకుండా ఉన్నవాడి దగ్గర అది ముందే తక్కువ. రోజూ మందు తాగే అలవాటున్నవాడిలో విషం పుట్టడమే ఎక్కువ. కొన్ని చోట్ల చాటుగా కాచే నాటు సారా తాగి, పొద్దున తలనొప్పికి నాలుగు మాత్రలు వేసుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకో మోసం ఉంది. ఒక్కసారే ఎక్కువ మింగినవాళ్లకు మొదటి రోజు వాంతులు, వికారం అయి తగ్గినట్టే ఉంటుంది. అసలు దెబ్బ రెండు మూడు రోజులకు బయటపడుతుంది. దీనికి విరుగుడు ఉంది. దాని పేరు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మింగిన 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఇస్తారు, కొంత మేలే. కాబట్టి "బాగానే ఉన్నాడు కదా" అని గదిలో పడుకోబెట్టకండి.

రెండో రకం: అందరికీ రాదు, ఎవరికి వస్తుందో తెలియదు

కొన్ని మందులు లక్షల మందికి మేలు చేస్తాయి. ఏ కొద్దిమందికో కాలేయం మీద పడతాయి. ఆగ్‌మెంటిన్ లాంటి అమోక్సిసిలిన్-క్లావులనేట్ మందు ఇందుకు పేరుపడింది. ఐస్‌లాండ్ దేశంలో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మందు వాడిన ప్రతి 2,350 మందిలో సుమారు ఒకరికి కాలేయం దెబ్బతిన్నట్టు లెక్క తేలింది. అంటే చాలా అరుదే. డాక్టరు రాస్తే భయపడి మానేయాల్సిన పని లేదు. కానీ ఇందులో ఒక చిక్కుంది. మందు కోర్సు అయిపోయిన వారాల తర్వాత కూడా కళ్లు పచ్చబడొచ్చు! అప్పటికి ఆ మాత్ర సంగతే మనిషి మర్చిపోయి ఉంటాడు.

నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, నిమెసులైడ్ కూడా ఈ జాబితాలోవే. నిమెసులైడ్‌ను ఐర్లాండ్ 2007లో కాలేయం దెబ్బతింటోందన్న కారణంతోనే అమ్మకాల నుంచి ఆపేసింది. ఊరి నుంచి తెచ్చుకునే నొప్పి మాత్రల అట్టల మీద ఈ పేరు ఉందేమో చూసుకోండి.

మన దేశంలో ఈ సమస్యకు అన్నిటికన్నా పెద్ద కారణం టీబీ మందులు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ హర్షద్ దేవర్‌భావి ఆధ్వర్యంలో దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి 1,288 మంది రోగుల వివరాలను 2021లో ప్రచురించాయి. వారిలో దాదాపు 46 శాతం మందికి టీబీ మందుల వల్ల, దాదాపు 14 శాతం మందికి ఆయుర్వేదం, మూలికల వంటి మందుల వల్ల కాలేయం దెబ్బతింది. మొత్తం మీద వందకు 12 మంది చనిపోయారు. ఇది చిన్న సంగతి కాదు.

అలాగని టీబీ మందులు సొంతంగా ఆపేయకండి. ఆపితే టీబీ ముదురుతుంది, మందులకు లొంగకుండా పోతుంది. వికారం, పచ్చదనం కనిపించిన రోజే డాక్టరుకు చెప్పాలి. అవసరమైతే వాళ్లే ఆపి, కాలేయం కుదుటపడ్డాక ఒక్కో మందునూ జాగ్రత్తగా మళ్లీ మొదలుపెడతారు.

మరి డాక్టరు ఎలా తేలుస్తారు?

'ఇది మందు వల్లే' అని చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. ఇదే అసలు విషయం. డాక్టరు పోలీసు దర్యాప్తు లాంటి పని చేయాలి.

ముందు మిగతా అనుమానితులను ఒక్కొక్కరినీ పక్కన పెడతారు. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ వైరస్‌లకు రక్తపరీక్షలు. పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని స్కానింగ్. మద్యం అలవాటు ఉందా అన్న ప్రశ్న. ఇవేవీ కాకపోతే అప్పుడు మందుల మీద దృష్టి.

మందుల విషయంలో డాక్టర్లు చూసేవి ముఖ్యంగా నాలుగు. ఏ మందు వాడాడు? ఏ తేదీన మొదలుపెట్టాడు? ఏ తేదీన ఆపాడు? ఆపాక రక్తపరీక్షలు మెరుగయ్యాయా లేదా? 1993లో నిపుణులు ఈ ప్రశ్నలకు మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్ని 'రూకామ్' అంటారు. 2016లో దాన్ని సవరించారు. మందు మొదలుపెట్టిన 5 నుంచి 90 రోజుల మధ్య జబ్బు బయటపడితే కొన్ని మార్కులు. ఆపిన 8 రోజుల్లో కాలేయపు ఎంజైము సగానికి సగం దిగితే ఇంకొన్ని. వేరే కారణాలు లేవని తేలితే మరికొన్ని. మొత్తం 6 నుంచి 8 వస్తే ఆ మందే కారణం అయి ఉండొచ్చని, 8 దాటితే దాదాపు అదేనని నిర్ణయానికి వస్తారు.

చూశారా, ఈ మార్కుల్లో చాలా భాగం యంత్రం ఇచ్చేవి కావు. తేదీలు. ఆ తేదీలు చెప్పగలిగింది రోగి ఒక్కడే. "ఏదో తెల్ల మాత్ర సార్, ఫ్రెండ్ ఇచ్చాడు" అంటే డాక్టరు మాత్రం ఏం చేస్తారు?

రిపోర్టులో ఏం చూడాలి?

ఏఎల్‌టీ అనే అంకెను మన దగ్గర ఎస్‌జీపీటీ అని కూడా రాస్తారు. ఇది కాలేయ కణాలు దెబ్బతింటే పెరుగుతుంది. సాధారణంగా 40కి అటూఇటూ ఉంటుంది. ఏఎల్‌పీ అనేది పైత్యరసం దారి మూసుకుపోతే పెరుగుతుంది. రెండింట్లో ఏది ఎక్కువ పెరిగిందన్నదాన్ని బట్టి ఏ మందు అయి ఉంటుందో డాక్టరుకు ఒక ఆచూకీ దొరుకుతుంది. బిలిరుబిన్ అనేది పచ్చదనం కొలత.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన ఊళ్లో బిలిరుబిన్ 1 లోపు ఉండాలంటారు. సౌదీలో చాలా ల్యాబులు వేరే కొలతలో ఇస్తాయి. ఆ కొలతలో 17 అంటే మన 1. రిపోర్టులో 60 అని చూసి గుండె జారిపోనవసరం లేదు, అది మన లెక్కలో మూడున్నర. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు, అది కామెర్లే. ఇంటికి ఫోన్లో అంకె చెప్పేటప్పుడు పక్కన రాసిన కొలత కూడా చెప్పండి.

ఈ రంగంలో పేరున్న అమెరికా వైద్యుడు హైమన్ జిమ్మర్‌మన్ గమనించిన సూత్రం ఒకటుంది. మందు వల్ల ఏఎల్‌టీ మూడు రెట్లు దాటి, దాంతోపాటు బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే, అలాంటివాళ్లలో పదిమందికి ఒకరి ప్రాణం ప్రమాదంలో పడొచ్చు. అందుకే మందు వాడుతూ కళ్లు పచ్చబడితే "రెండ్రోజులు చూద్దాం" అనకూడదు.

పసరు, చూర్ణం సంగతి

"ఆకు మందుకు సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అనే మాట మన నోళ్లలో నానిపోయింది. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి పెరుగుతుందని చాలామంది తిప్పతీగ వాడారు. ఆ సమయంలో అది వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు, దేశంలోని ఇతర ఆసుపత్రుల వారు కలిసి 2022లో ప్రచురించారు. తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని కాలేయ జబ్బుతో ముడిపెట్టడం సరికాదని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ అంటోంది. వాదన వాళ్లకు వదిలేద్దాం. మనం చేయాల్సింది ఒక్కటే. వాడితే డాక్టరుకు చెప్పాలి. దాచకూడదు.

కామెర్లకు పసరు విషయంలోనూ అంతే. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. కానీ మందు వల్ల వచ్చిన కామెర్లలో, అసలే దెబ్బతిన్న కాలేయం మీద పేరు తెలియని ఇంకో మందు పోయడమంటే మంటలో నూనె పోయడమే.

చెప్పడానికి భయం ఎందుకు?

మనవాళ్లు చాలామంది క్లినిక్‌లో నిజం చెప్పరు. జబ్బని తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. అప్పు తీరలేదు, వడ్డీ పెరుగుతోంది. ఆ బాధ అర్థమవుతుంది. కానీ చట్టం ఏం చెబుతోందో తెలుసుకోండి. సౌదీ కార్మిక చట్టం 117వ అధికరణ ప్రకారం జబ్బు రుజువైతే ఏడాదిలో మొదటి 30 రోజులు పూర్తి జీతంతో, తర్వాతి 60 రోజులు నాలుగింట మూడొంతుల జీతంతో, ఆపై 30 రోజులు జీతం లేకుండా సెలవు ఉంటుంది. ఆ సెలవు పూర్తికాకముందే జబ్బు పేరుతో పనిలోంచి తీసేయకూడదని 82వ అధికరణ అంటోంది. ఇళ్లలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు నిబంధనలు వేరు. ప్రైవేటు కంపెనీలో ఆరోగ్య బీమా చేయించాల్సింది, దాని ఖర్చు పెట్టాల్సింది కంపెనీయే. కాబట్టి సిక్ లీవు కాగితం అడిగి తీసుకుని భద్రపరచుకోండి.

సొంత వైద్యం ఎప్పటికైనా ఖరీదే. సౌదీలో ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న నిబంధనను 2018 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. దాంతో గదుల్లో మిగిలిపోయిన మాత్రలకు గిరాకీ పెరగకూడదు. ఒకరికి రాసిన మందు ఇంకొకరు మింగకూడదు.

ఈ పని ఇవాళే చేయండి

1. మందు అట్టలు, డబ్బాలు పారేయకండి. ఒక కవర్లో వేసి పెట్టెలో ఉంచండి. ఫోన్లో ఫొటో తీసినా చాలు.

2. ఒక కాగితం మీద మందు పేరు, రోజుకెన్ని, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాయండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, చదివి చెప్పొచ్చు. చూర్ణం, పసరు, జిమ్ పౌడరు, సూది మందు అన్నీ రాయండి. సారా తాగి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి.

3. కొత్త మాత్ర వేసుకునే ముందు అట్ట మీద 'పారాసెటమాల్' ఉందేమో చూడండి. చదవడం రాకపోతే ఫార్మసీలో, అంటే 'సైదలియా'లో అడగండి.

4. ఆకలి చచ్చిపోవడం, వికారం, దురద, మూత్రం ముదురు రంగు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే సొంతంగా వేసుకుంటున్నవన్నీ ఆపి అదే రోజు డాక్టరును కలవండి. డాక్టరు రాసిన బీపీ, షుగరు, టీబీ మందులను మాత్రం అడగకుండా ఆపొద్దు. "యరఖాన్" అంటే కామెర్లు. ఆ ఒక్క మాట చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

5. కామెర్లున్న మనిషి మత్తుగా ఉన్నా, తికమకగా మాట్లాడినా, ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, వాంతులు ఆగకపోయినా అది అత్యవసరం. వెంటనే 997కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. సలహా కోసమైతే ఆరోగ్య శాఖ నంబరు 937. మందు వల్ల హాని జరిగిందని ఫిర్యాదు చేయడానికి సౌదీ ఫుడ్ అండ్ డ్రగ్ అథారిటీ నంబరు 19999.

6. ఫలానా మందు వల్లే కాలేయం దెబ్బతిందని డాక్టరు తేల్చితే ఆ పేరు రాయించుకోండి. ఇఖామాతో పాటు జేబులో ఉంచుకోండి. అదే మందు రెండోసారి పడితే మొదటిసారి కన్నా గట్టిగా కొట్టొచ్చు. సెలవుకు ఊరెళ్లినప్పుడు అక్కడి డాక్టరుకూ ఆ కాగితం చూపించండి.

మళ్లీ మేస్త్రీ దగ్గరికి

మన మేస్త్రీ ఏమయ్యాడు? అతని గదిలో ఒక తెలివైన తమ్ముడున్నాడనుకుందాం. పసరు కోసం ఊరికి ఫోన్ చేయకుండా, మంచం కింద వెతికి ఖాళీ అట్టలన్నీ ఏరి కవర్లో వేశాడు. మేస్త్రీని కూర్చోబెట్టి తేదీలు రాయించాడు. డాక్టరు ఆ కాగితం చూశారు. పనడాల్ మోతాదు మించింది నిజమే. కానీ ఆ దెబ్బ అయితే మొదటి వారంలోనే తెలియాలి, ఆ గండం ఎలాగో గడిచింది. అందరికీ ఆ అదృష్టం ఉండదు. వైరస్ పరీక్షల్లో ఏమీ లేదు, స్కానింగ్‌లో రాళ్లు లేవు. ఏఎల్‌పీ బాగా పెరిగింది. మూడు వారాల కిందటి ఆగ్‌మెంటిన్ మీద మొదటి అనుమానం, చూర్ణం మీద రెండోది. చూర్ణం ఆపించారు, కొత్త మందులేవీ వద్దన్నారు, వారం వారం పరీక్షలు చేశారు. అంకెలు దిగాయి. కొన్ని వారాలకు కళ్లు తెల్లబడ్డాయి.

ఆ అట్టలు చెత్తబుట్టలోకి పోయి ఉంటే? డాక్టరు చీకట్లో వెతకాల్సి వచ్చేది. ఇంకెప్పుడో గొంతునొప్పికి అదే మందు మళ్లీ రాసేవారు.

కాబట్టి అన్నలూ, తమ్ముళ్లూ! ఈ శుక్రవారం బట్టలు ఉతుక్కున్నాక ఒక అరగంట పెట్టె తెరవండి. పేరు లేని మాత్రలు, గడువు దాటిన మాత్రలు పారేయండి. మిగిలినవాటి పేర్లు రాసి పెట్టుకోండి. గదిలో చదువు రానివాళ్లకు మీరే రాసిపెట్టండి. డాక్టరు "ఏమేం మందులు మింగావు?" అని అడిగిన రోజు ఆ చిన్న కాగితమే మనకు పెద్ద సాక్షి.